మామయ్య కళ్ళు, నా ఐపీసు

ఉద్యోగానికి గుంటూరు నుంచి చెన్నై వచ్చి, తొండియార్‌పేటలో తరతరాలుగా ఉంటున్న తెలుగువాళ్ళింటికి అల్లుణ్ణయ్యాను. మామయ్యకు వాషర్‌మెన్‌పేట్‌లో చీరల కొట్టు. నాకు టెలిస్కోపు పిచ్చి. దానికి కన్ను ఆనించి చూసే ఐపీసు కొత్తది కొని, ఆయనకు ఉపన్యాసం కూడా ఇచ్చాను: గాజు మీద పడ్డ వెలుగులో కొంత వెనక్కి తిరిగిపోతుందనీ, పూత ఉంటే అదీ లోపలికే వెళుతుందనీ, దీంట్లో ప్రతి గాజుకూ రెండు వైపులా పూత ఉందనీ.

ఆ సాయంత్రం మిద్దె మీద ఆయన ఐపీసులో కన్ను పెట్టి, "ఏమప్పా, చందమామ పక్కన ఇంకొకటి మసగ్గా కనపడతా ఉండాదే?" అన్నారు.

నాకూ కనపడింది. కానీ అంత మోజుపడి కొన్నదాన్ని అనుమానించడానికి మనసొప్పలేదు. "మీకు శుక్లాలు వచ్చినట్టున్నాయి మామయ్యా," అన్నాను, పెద్ద డాక్టర్లా.

ఆయన మర్నాటి నుంచి కొట్లో చీర విప్పినప్పుడల్లా రంగు చెప్పడానికి గుమాస్తాను పిలుస్తున్నారని మా ఆవిడ చెప్పింది. జీవితమంతా రంగులు చెప్పి బతికిన మనిషి. అయినా నోరు విప్పలేదు, అంత ఘనుణ్ణి నేను.

వారం తర్వాత ఐపీసు తీసుకుని కొట్టుకు రమ్మన్నారు. కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చారట, ఏ దోషమూ లేదట. ఐపీసును ట్యూబులైటు కింద పట్టుకుని, జరీ చూసినట్టు అటూ ఇటూ వంచారు. గాజుల్లో చిన్న చిన్న ట్యూబులైట్లు వరసగా మెరిశాయి.

"ఈడ చూడు. ఇది పచ్చ, ఇది ఊదా. పూత ఉండాది. ఆడ, లోపల రెండు చూడు, తెల్లగా పళ్ళికిలిస్తా ఉండాయి. పూతే లేదు, తిరిగిపోయిన వెలుగే ఆ రెండో చందమామ. కొంగు చూపించి చీర అమ్మినాడప్పా నీకు!"

సిగ్గుతో నేల చూశాను. "ఆ రోజు నాకూ రెండు చందమామలు కనపడ్డాయి మామయ్యా," అని ఒప్పుకున్నాను. గుమాస్తా నవ్వాపుకోలేక బీరువా చాటుకు వెళ్ళాడు.

మామయ్య తిట్టలేదు. ఫోన్లో వాపసు ఫారం తెరవమని పక్కనే కూర్చున్నారు. కారణం రాయమన్నచోట 'లోపల పూత లేదు' అని కొడుతుంటే నా చెయ్యి పట్టుకుని ఆపారు.

"సరి సరి, అది తర్వాత. ముందు మా మామ కళ్ళు బాగుండాయని రాయి."

రాశాను.