ఒడిలో విత్తనం పెట్టుకుని అనలేని మాట

మృగశిర కార్తె పుట్టిన మూడో రోజు, గురువారం, పొద్దున ఆరుముప్పావు. ముదిగుబ్బ పక్కన మా చేలో నా మూడో పొట్టి సినిమాకు చివరి ముక్క తీయడానికి నిలబడ్డాం. మొదటి రెండూ సెల్‌ఫోనుతో తీసినవి. ఊళ్లోవాళ్లు చూసి నవ్వారు, అంతే. ఈసారి కదిరిలో పెళ్లి వీడియోలు తీసే అతన్ని అసలు కెమెరాతో పిలిపించాను. పది గంటలకల్లా అతను తనకల్లులో ఒక పెళ్లికి ఉండాలి. ఆ తర్వాత ఆషాఢం వచ్చేదాకా రోజూ పెళ్లిళ్లే. పోటీకి పంపే గడువేమో ఆదివారం. అందులో నిలబడితే తర్వాతి సినిమాకు కెమెరా, మనుషులు వాళ్లే ఇస్తారు. నాకు అరవై మూడేళ్లు. వచ్చే ఏడాది చూసుకుందాం అనుకునే వయసు కాదు.

కథ చిన్నది. మొగుడు విత్తనం వేద్దామంటాడు, పెళ్లాం వద్దంటుంది. మొగుడి వేషం మా వీధిలో బట్టలు కుట్టే సాయిబుది. పెళ్లాం వేషం నా ఆడబిడ్డది. ఒడిలో వేరుశనగ విత్తనం పోసుకుని, "ఈ ఏడు గూడా వాన రాదు" అని ఆమె అనాలి. ఇంట్లో పది సార్లు గడగడా అప్పజెప్పింది. చేలోకి వచ్చాక నోరు మూసుకుంది.

"ఏమ్మే, చెప్పు."

"నేననను వదినా. ఇత్తే కాలంలో, ఒడిలో ఇత్తనం పెట్టుకోని, వాన రాదని నా నోటితో అనాల్నా?"

"అనేది నువ్వు కాదే. సినిమాలో ఆయమ్మ."

"ఆయమ్మకు నోరు నాదే గదా!"

సాయిబు సర్దబోయాడు. "అక్కా, ఒడిలో ఇత్తనం తీసేసి గులకరాళ్లు పోద్దాం. కెమెరాకు ఏం తెలుస్తాది?"

"ఒడిలోవి మారుస్తావు. కిందుండే చేన్ను యాడికి పంపిస్తావప్పా?" అంది ఆమె.

"పెద్దమ్మా, ఎండ పైకొస్తాంది. తొమ్మిదికి నేను బండెక్కాల," అన్నాడు కెమెరా అతను.

నేను గట్టు మీద అటూ ఇటూ తిరిగాను. కూర్చోలేను, నిలబడలేను. మాట మార్చడం నాకు చేతకాని పని. నలభై ఏడేళ్లకు అక్షరాలు దిద్దినదాన్ని. అంతకు ముందు ఎవరేం రాసి ఇచ్చినా కింద వేలిముద్ర వేసేదాన్ని. ఇప్పుడు ఒక్క మాట కాగితం మీద పెట్టాలంటే నాకు పూట పడుతుంది. అందుకే నా సినిమాల్లో రాసింది రాసినట్టు చెప్పాలి. వెనకటి రెండింటిలోనూ ఒక్క ముక్క తప్పినా మళ్లీ చెప్పించాను.

"ఇట్ల రా. నేను చెప్పి చూపిస్తా, చూసి నేర్చుకో," అన్నాను కోపంగా. ఆమె ఒడిలోని విత్తనం నా కొంగులో పోయించుకుని, సాళ్ల మధ్య కాళ్లు ఆనించి నిలబడ్డాను. కెమెరా అతను, సాయిబు నా వైపే చూస్తున్నారు. "ఈ ఏడు గూడా" అన్నాను. ఆ తర్వాతి మాట రాలేదు. మళ్లీ మొదలుపెట్టాను. అక్కడే ఆగిపోయాను.

"ఏం వదినా, అచ్చరాలు మర్సిపోతివా?" అంది ఆడబిడ్డ. సాయిబు నవ్వు ఆపుకోలేక అటు తిరిగాడు.

కాగితం తీసి ఆ మాట మీద గీత కొట్టాను. అబద్ధమెందుకు, ఏడుపొచ్చింది.

"ఏమీ చెప్పొద్దులే. అతను ఇత్తనం అడిగితే ఇయ్యొద్దు. అంతే," అంటూ విత్తనం మళ్లీ ఆమె ఒడిలో పోశాను.

సాయిబు చెయ్యి చాపి అడిగాడు. ఆమె ఒడి బిగించింది. అతను కొంగు పట్టుకుంటే ఆ చేతి మీద నిజంగానే ఒక దెబ్బ వేసింది. అతను ఉలిక్కిపడ్డాడు గానీ కెమెరా వైపు చూడలేదు. ఒక్కసారే తీశాం. రెండోసారికి సమయం లేదు. కెమెరా అతను వెళ్లిపోయాక, ఆదివారం సినిమా పంపేదాకా, తప్పు చేశానేమోనని మూడు రాత్రులు నిద్రపోలేదు.

నెల తర్వాత ఆ పోటీ వాళ్ల నుంచి ఒక ఆడమనిషి ఫోను చేసింది. మా సినిమా నిలబడిందట. చివరి ముక్క తీసిన రోజు చేలో ఉన్నవాళ్లందరినీ తమ దగ్గరికి తీసుకురమ్మంది, ఎవరెవరని అడిగింది. చెప్పాను: నా ఆడబిడ్డ, బట్టలు కుట్టే సాయిబు, కదిరి నుంచి వచ్చిన కెమెరా అతను, నేను.