బొట్టు పెట్టిన మందుల పెట్టె

మొన్న వంకాయలు తరుగుతూ వేలు కోసుకున్నాను. తరగమని ఎవరూ అడగలేదు, ఊరికే కూర్చోలేని జబ్బు నాది. కోడలు ఫ్రిజ్ మీదున్న ప్లాస్టిక్ డబ్బా దించి, మూత తీసి, నిమిషంలో పట్టీ అతికించేసింది. "దీనికి తాళం లేదా అమ్మా?" అన్నాను. "మందుల డబ్బాకి తాళమేంటి మామయ్యా!" అని నవ్వింది. అరవై ఏళ్ల నాడు జగ్గయ్యపేటలో ఆ మాట అనేవాళ్లు ఒక్కరుంటే మా బావ కుడిచేతికి అయిదు వేళ్లూ మిగిలేవి.

బావంటే మా అక్క మొగుడు. పేట శివార్లలో పత్తి మిల్లుకి ఫిట్టరు. ఆ కుడిచెయ్యే మా అక్క ఇంట్లో పొయ్యి వెలిగించేది. ఆరో క్లాసులో నేనూ లెక్కలూ ఒకరినొకరు వదిలించుకున్నాక చాలా పనులు తిరిగి, పాతికేళ్ల వయసులో ఆయన దగ్గర సుత్తీ పానాలూ అందించే పనిలో కుదిరాను. మిషన్ల నుంచి లేచే పత్తి నూగు మా మీసాల మీద తెల్లగా పడి మధ్యాహ్నానికల్లా అందరం ముసలివాళ్లమైపోయేవాళ్లం. ఆఫీసు గది గోడకి ఒక తెల్లపెట్టె, దాని మీద ఎర్ర క్రాసు. పనిలో దెబ్బలు తగిలితే మందు వెయ్యాలని ఇన్‌స్పెక్టరుగారు పట్టుబట్టి పెట్టించింది. మొదట్లో తాళం లేదు. కట్టుగుడ్డలు లాంతరు వత్తులకీ, అయోడిన్ ఊళ్లో తేలు కుట్టినవాళ్లకీ పోతుంటే మేనేజరుగారు తాళం వేసి, తాళంచెవి జంధ్యానికి కట్టుకున్నారు. దసరాకి మిషన్లతో పాటు దానికీ పసుపు రాసి, క్రాసు నడిమధ్య కుంకుమ బొట్టు పెట్టేవాళ్లం. పత్తి ఏరే ఆడవాళ్లు చాలామంది క్రైస్తవులు, పొద్దున్నే దాని ముందు క్షణం కళ్లు మూసుకుని పనిలోకి దిగేవారు. అందరి దండాలూ అందుకుంది గానీ తాళం పడ్డాక ఒక్కరికీ మందు వేసిన పెట్టె కాదది.

ఒకరోజు పదింటప్పుడు బావ రోలరు సర్దుతుంటే చూపుడువేలు నలిగి ఎముక కనిపించింది. చుట్టూ కొండల్లా పత్తి, పుండు మీద పెట్టడానికి శుభ్రమైన దూది మాత్రం గుప్పెడు లేదు. ఎవరో మిషన్ నూనె తుడిచే గుడ్డే చుట్టేశారు. మేనేజరుగారు ఆవేళ నందిగామలో తండ్రి తద్దినం పెడుతున్నారు. తాళంచెవి కూడా తద్దినానికే వెళ్లింది. "పేటలో డాక్టరు దగ్గరకి పోదాం పద బావా" అన్నాను. తిరిగే మిషన్‌కి జంకనివాడు సూదికి వణుకుతాడు. "డాక్టరెందుకురా, పెట్టె ఉందిగా!" అన్నాడు. పెట్టే లేకపోతే ఈడ్చుకెళ్లి ఉండేవాణ్ని.

ఇక లాభం లేదని సుత్తి ఎత్తాను. మేస్త్రి నా చెయ్యి పట్టుకున్నాడు. "బొట్టు పెట్టిన పెట్టెని సుత్తితో కొడతావంట్రా?" పత్తి ఏరే పెద్దమ్మ అడ్డం వచ్చింది. "సిలువ మీద సుత్తెత్తుతున్నావా అబ్బాయ్? కీడు తగులుద్ది!" ఒకళ్ల కుండలో నీళ్లు ఇంకొకళ్లు తాగని జనం, ఆ రోజు నా మీద మాత్రం ఒక్కటయ్యారు. చివరికి బావే పళ్లు బిగబట్టి, "పోయి తాళంచెవి పట్రారా బామ్మర్దీ. ఈలోపు నా వేలేం పారిపోదులే" అన్నాడు. సుత్తి దించాను.

పత్తి లారీ ఎక్కి నందిగామ వెళ్లాను. మేనేజరుగారి తల్లి నన్ను అరుగు మీద కూర్చోబెట్టింది. "తద్దినం జరుగుతోంది నాయనా, ఇప్పుడు పిలవకూడదు." లోపల్నించి మంత్రాలూ, గారెల వాసనా. భోక్తలు గారె మీద గారె వేయించుకుంటుంటే నా కడుపు మండిపోయింది. అంతా కోపమే అనను, కాస్త ఆకలి కూడా. మూడింటికి మేనేజరుగారు మడిపంచెతో బయటికొచ్చారు. సంగతి వినేసరికి ఆయన మొహం పాలిపోయింది. "ఒక్క దెబ్బ! పగలగొట్టలేకపోయారట్రా వెధవల్లారా!" అంటూ జంధ్యం నుంచి తాళంచెవి విప్పి నా చేతిలో పెట్టారు. తిట్టాలని వెళ్లినవాణ్ని తిట్లు తిని వచ్చాను.

పొద్దుగూకే వేళకి పెట్టె తెరిచాం. లోపల ఏమీ ఉండదని దారిలోనే ఒక జోకు తయారుచేసి పెట్టుకున్నాను. అన్నీ ఉన్నాయి. నీలం కాగితం విప్పని దూది చుట్ట, నిండు అయోడిన్ సీసా, మడత నలగని కట్టుగుడ్డ. అప్పటికి బావ వేలు ఆ నూనెగుడ్డలో ఎనిమిది గంటలు నానింది. చీము పట్టి, వారం తిరక్కుండా బెజవాడ పెద్దాసుపత్రిలో మొదలంటా తీసేశారు. అక్కడ ఎన్ని సూదులు పొడిచారో!

తాళం మర్నాడే తీసేశారు. బావ పానా పట్టడం ఎడంచేత్తో మళ్లీ మొదట్నించీ నేర్చుకున్నాడు. నోటికొచ్చిన ప్రతిదీ అనేసే నేను "పారిపోదన్నావుగా బావా" అని మాత్రం ఆయన పోయేదాకా అనలేదు. తాళం పగలడానికి పట్టేది ఒక్క క్షణం. ఆ క్షణంలో దించిన సుత్తికి అరవై ఏళ్లుగా చెయ్యి లాగుతూనే ఉంది.