మదార్ మిడత, జయరాజు కొంగ

ఆళ్లగడ్డలో పాండురంగయ్య శిల్పాల కొట్టానికి నంద్యాల నుంచి పని వచ్చింది. కొత్త పార్కు గేటుకు ఒక పక్క కొంగ, ఇంకో పక్క మిడత, రెండూ నల్లరాతిలో కావాలన్నారు. ఏళ్ల తరబడి అక్కడే ఉలి పట్టిన మదార్, కొంగ తనకే వస్తుందనుకున్నాడు. పాండురంగయ్య దాన్ని నిన్నగాక మొన్న చేరిన జయరాజుకు ఇచ్చాడు.

"మిడత నువ్వు చెయ్ మదారూ. చిన్న పని, తొందరగా అయిపోతాది."

చిన్న పని! ఆ మాట మదార్‌కు మింగుడుపడలేదు. జొన్నాకు అంచు కొరుకుతున్న మిడతను చెక్కాడు. వెనక కాళ్ల మీద రంపపు పళ్లు కూడా తీశాడు. కొట్టానికి వచ్చినవాళ్లు దాన్ని దాటుకుని కొంగ దగ్గరికే పోయేవారు. టీ తెచ్చే జయమ్మ అయితే, "నీళ్లలో నిలబడినట్టే ఉండాదప్పా!" అని జయరాజు ముందు మురిసిపోయింది.

"కొంగకేముంది? రెండు పుల్లకాళ్లు, ఒక ముక్కు. మిడతకు ఆరు కాళ్లు, రెక్కల కింద రెక్కలు. ఏది కష్టం?" అని ఇంట్లో భార్య మీద ఎగిరాడు మదార్.

"పైరు తినే పురుగును చూసి ఎవరు మురుస్తారు?" అంది షరీఫా.

లారీకి ఎక్కించే రోజు మోకు జారి, కొంగ కాలొకటి మోకాలి దగ్గర విరిగింది. మదార్ కడుపు చల్లబడింది. జయరాజు విరిగిన ముక్కను ఒళ్లో పెట్టుకుని కూలబడ్డాడు.

"మదారన్నా, ఇంగేం చెయ్యాల?"

మదార్‌కు జాలి కలగలేదు. కానీ అతని కళ్లు అప్పటికే రాయిని కొలుస్తున్నాయి. కాళ్ల వెనక బరువు ఆనడానికి చెక్కిన జమ్ముగడ్డి దుబ్బు చెక్కుచెదరలేదు.

"కొంగ ఒంటికాలి మీద నిలబడదా ఏంది? మిగిలిన ముక్కను కడుపులోకి ముడిచినట్టు తియ్."

ఉలి ఎక్కడ పెట్టాలో తెలియక జయరాజు రాయి చుట్టూ తిరిగాడు. మదార్ విసుక్కుంటూ ఉలి లాక్కుని తనే చెక్కాడు.

పార్కులో ఒంటికాలి కొంగకు పెద్ద పేరొచ్చింది. జయరాజు మాత్రం అడిగిన వాళ్లందరికీ "ఆ కాలు మదారన్నదే" అని చెప్పుకున్నాడు. ఆ మంచితనం మదార్‌ను ఇంకా మండించింది. తిట్టుకోవడానికి కూడా సందు లేకపోయె!

ఒక ఆదివారం షరీఫాతో అక్కడికి పోయాడు. కొంగ చుట్టూ జనం. షరీఫా నేరుగా మిడత దగ్గర నిలబడి, "ఈడ నన్నొక ఫోటో తియ్" అంది.

ఫోన్‌లో వెనక కొంగ ముక్కు కనబడింది.

"ఇంకొంచెం పక్కకు జరుగు," అన్నాడు మదార్. అది కనబడకుండా పోయేదాకా జరిపిస్తూనే ఉన్నాడు.