గాలి పైపులో బంతిపువ్వు

సూరత్‌లో మగ్గాల మిల్లులో పని మానేసి మా ఆయన, మరిది కలిసి పాత చేపల పడవ కొన్నారు. పూజ రోజు ముగ్గు, పులిహోర, ప్రసాదం అన్నీ నావే. మా తోడికోడలు రమ మాత్రం పడవకు పసుపు రాసి, పైకి పొడుచుకొచ్చిన ఓ పైపులో పసుపు ముద్ద కుక్కి బంతిపువ్వు గుచ్చింది.

"చిన్న కోడలు చెయ్యి పడితేనే కళ ఒస్తది" అని అత్తమ్మ మురిసిపోయింది. నాకు ఒళ్ళు మండింది.

అందరం పడవెక్కాం. తాపీ నది సముద్రంలో కలిసేచోట ఇంజన్ ఆగిపోయింది. పడవ సముద్రంలోకి కొట్టుకుపోతోంది. మా ఆయన డీజిల్ ట్యాంకు మూత తిప్పగానే బుస్సుమని గాలి లోపలికి పోయింది, ఇంజన్ నడిచింది. మూత బిగించిన కాసేపటికే మళ్ళీ ఆగింది.

"ట్యాంకు లోపటికి గాలి పోతలేదు. గాలి పైపు మూసుకున్నట్టుంది, జర చూడుండ్రి!" అని అరిచాడు.

అంత భయంలోనూ నా కళ్ళు సూటిగా ఆ బంతిపువ్వు మీదికే పోయాయి. పొద్దుటి నుంచీ దాన్ని చూసే కదా కుళ్ళుకుంటున్నాను! పువ్వు పీకి, పుల్లతో ముద్దంతా తోడేశాను. ఇంజన్ మళ్ళీ నడిచింది, ఇక ఆగలేదు.

ఇప్పుడైనా మెచ్చుకుంటుందని అత్తమ్మ వైపు చూశాను.

"చూసినవా, గంత గాలి కొట్టినా ఊడలే. మా రమ ఏం పెట్టినా గట్టిగ పెడ్తది" అంది.

ఇప్పటికీ బంతిపువ్వు చూస్తే నాకు సముద్రం గుర్తుకు రాదు, ఆ మాటే గుర్తొస్తుంది.