మేలు అన్న చీరకే కాఫీ

మొన్న మనవరాలి ఓణీల వేడుకకి బట్టలు కొనాలని ఇంట్లోవాళ్లు నన్నూ మా బావనీ పటమటలో కొత్తగా పెట్టిన ఒక షోరూముకి తీసుకెళ్లారు. తీసుకెళ్లడమంటే, మమ్మల్ని కింద సోఫాలో కూర్చోబెట్టి వాళ్లు పై అంతస్తుకి వెళ్లిపోయారు. కూర్చున్నామో లేదో ఒక అమ్మాయి కాగితం కప్పుల్లో కాఫీ తెచ్చి చేతుల్లో పెట్టింది. ఇంకా ఒక్క చీరయినా చూడలేదు, అప్పుడే కాఫీ. ఎదురుగా కౌంటరు దగ్గర ఇంకో అమ్మాయి విప్పిన ప్రతి చీరనీ సూపర్ అంటోంది. పది విప్పితే పదీ సూపరే, పదకొండోది మాత్రం ప్రీమియం. నేను బావ వంక చూశాను, బావ కప్పు వంక చూశాడు.

నా ఈడువాళ్లకి గుర్తుండే ఉంటుంది, ఒకప్పుడు వన్‌టౌనులో నేతచీరలు కొనే కొట్లలో మెచ్చుకోలు ఇంత తేలిగ్గా దొరికేది కాదు. మా మేనమామది అలాంటి కొట్టే. డెల్టా ఊళ్ల నుంచి నేతవాళ్లు మూటలు భుజాన వేసుకుని వస్తే, మామయ్య పరుపు మీద కూర్చుని, కళ్లు మూసుకుని, చీర అంచుని రెండు వేళ్ల మధ్య నుంచి చివరిదాకా లాగి ఒక్క మాట చెప్పేవాడు. ఆయన దగ్గర ఉన్నవి మొత్తం మూడు మాటలు. ‘ఉండనీ’ అంటే ఏదో కానిచ్చారని, ‘ఫరవాలేదు’ అంటే నిజంగానే బాగుందని, ‘మేలు’ అంటే దానికి పైన ఇంకేమీ లేదని. ఆ మూడో మాట ఏడాదికి నాలుగైదుసార్లు వినపడితే గొప్ప. అన్న రోజున మాత్రం పరుపు మీంచి లేచి నిలబడి, చీరని రెండు చేతులా అందుకుని, నేసినాయనకి ఎదురు హోటలు నుంచి కాఫీ తెప్పించేవాడు. మిగతా వాళ్లందరికీ మంచినీళ్లు. నేతవాళ్లు ఇంటికెళితే పెళ్లాలు కూడా ముందు కాఫీ తాగారా అనే అడిగేవారట.

నేను తెలుగు ముఖ్యాంశంగా బి.ఏ. చదివి, ఉద్యోగం వచ్చేదాకా అని ఆ కొట్లో చేరాను. నాలుగేళ్లయినా ఆ ఉద్యోగానికి నా చిరునామా దొరకలేదు. పైఊళ్ల వర్తకులకి ఉత్తరాలు రాయడం నా పని. మొదటి ఉత్తరంలోనే శ్రేష్ఠమైన, నాణ్యమైన, ఉత్కృష్టమైన, సర్వోత్తమమైన అంటూ నా డిగ్రీ మొత్తం ఒక డజను చీరల మీద ఒలకబోశాను. మామయ్య చదివించుకుని, “ఇవన్నీ ఈ చీరలకే వాడేస్తే, రేపు నిజంగా మేలైంది వస్తే ఏం రాస్తావురా అల్లుడూ?” అన్నాడు. ఉత్తరం ఎలా ఉందని అడిగితే, ‘ఉండనీ’ అన్నాడు.

మామయ్య కొడుకే మా బావ. నాకంటే ఆరునెలలు పెద్ద, పదో తరగతిని రెండుసార్లు చూసి నమస్కారం పెట్టినవాడు. కానీ అతని వేళ్లకి చదువు వచ్చు. ఒకరోజు కొట్టునిండా జనం ఉండగా మామయ్య, “మావాడి చెయ్యి మేలండీ” అన్నాడు. ఆ రోజు నాకు అన్నం సహించలేదు. పెద్దగా ఏమీ లేదు, కాస్త కుళ్లు. ఆ కాస్తా నాలుగేళ్లు ఉంది.

ఒక ముసలి నేతాయన చేత బావ దగ్గరుండి చీర నేయించాడు. నూలు తనే ఎంచాడు, రంగు తనే చెప్పాడు, ఈసారి కాఫీ ఖాయమని ఆయనకి మాటిచ్చాడు. ఆయన చీర తెచ్చిన రోజున మామయ్య పెళ్లికని హనుమాన్ జంక్షన్ వెళ్లాడు, బావ ఏదో పనిమీద గన్నవరం వెళ్లాడు, పరుపు మీద నేనున్నాను. జామాకు రంగు చీర, మెరూన్ అంచు. కళ్లు మూసుకుని లాగాను. వేలికి ఎక్కడా ఒక్క ముడి కూడా తగల్లేదు. ఎక్కడన్నా తగిలితే బాగుండునని రెండోసారి కూడా లాగాను.

“ఫరవాలేదండీ,” అని మంచినీళ్ల గ్లాసు ఆయన ముందుకి జరిపాను.

ఆయన గ్లాసు ముట్టుకోలేదు. “పెద్దాయన వచ్చాక ఇంకోసారి చూపించనా బాబూ?” అన్నాడు.

“ఎవరు చూసినా అదే చీర కదండీ,” అన్నాను. ఇలాంటి చమత్కారాలు నాకు సమయానికి తడుతుంటాయి. ఆయన చీర మడతపెట్టుకుని వెళ్లిపోయాడు.

బావ వచ్చి సంగతి విని, చెప్పులైనా వేసుకోకుండా బస్టాండుకి పరుగెత్తి ఆయన్ని వెనక్కి తీసుకొచ్చాడు. “మావాడు వేళాకోళం చేశాడండీ, అదో జబ్బు వాడికి,” అని చీర అందుకుని, కాఫీ తెప్పించి, ఆయన తాగిందాకా ఎదురుగా నిలబడ్డాడు.

మర్నాడు మామయ్య ఆ చీర అంచు లాగి, కళ్లు తెరిచి, లేచి నిలబడ్డాడు. “మేలు. ఎవడు తీసుకున్నాడ్రా దీన్ని?”

“వీడే నాన్నా,” అన్నాడు బావ, నన్ను చూపిస్తూ.

మామయ్య నాకు కాఫీ తెప్పించాడు. నాలుగేళ్లుగా కాచుకున్న కాఫీ, దానికి నేనేం చేశానో తెలిసినవాడి ఎదురుగా తాగాను. చక్కెర సరిపోయింది. మంచితనంలో కూడా నాకంటే మేలు రకమని తేల్చినందుకు బావ మీద నా కుళ్లు ఇంకాస్త పెరిగింది, తగ్గలేదు.

ఇన్నేళ్లకి మొన్న ఆ సోఫాలో, కాగితం కప్పు పట్టుకుని, “ఆ కాఫీ నీదే బావా,” అన్నాను.

“నాన్నకీ తెలుసులే,” అన్నాడు బావ. “ఆ నేతాయన ఆ రోజే బస్సు మారుతూ హనుమాన్ జంక్షన్‌లో నాన్నకి కనపడి జరిగిందంతా చెప్పాడు.”

“మరి నాకెందుకు తెప్పించాడు?”

“నేనూ అడిగా. వాడింకా మగ్గం మీదే ఉన్నాడు, ఇప్పుడే కోసి చూస్తామా అన్నాడు.”

ఆ మాట నాతో కాకుండా బావతో అన్నాడే అని ముందు ఒక చిన్న మంట పుట్టింది, దాచుకోవడం దేనికి. తర్వాత లెక్క వేసుకుంటే, మామయ్య నా గురించి అన్నవాటిలో అంతకంటే మేలైన మాట ఇంకొకటి లేదు. ఇప్పుడు ఎవరినీ అంతకాలం మగ్గం మీద ఉంచే ఓపిక ఎవరికీ లేదు. ఇంకా అంచయినా పడకముందే సూపర్ అనేస్తున్నారు, పాపం నేసేవాడికి ఎక్కడ ఆగాలో ఎలా తెలుస్తుంది?

కాఫీ ఇచ్చిన అమ్మాయి కప్పులు తీసుకోవడానికి వచ్చి, “కాఫీ ఎలా ఉంది అంకుల్?” అంది.

“ఫరవాలేదమ్మా,” అన్నాడు బావ మనస్ఫూర్తిగా.

ఆ పిల్ల ముఖం చిన్నబోయింది. అది మెచ్చుకోలు మాటేనని తెలిసినవాళ్లం ఆ మూడంతస్తుల షోరూములో మేమిద్దరమే మిగిలాం.