కారు తలుపులో చెరువు

కారులో కూర్చుని, అద్దాలన్నీ బిగించుకుని, నెత్తి మీద చుక్క పడకుండా నడుము దాకా తడవడం సాధ్యమేనా? సాధ్యమే. కావాలంటే మా అత్తగారిని అడగండి. ఆవిణ్ణి అలా తడిపిన మహానుభావుణ్ణి నేనే.

ముందు నా గొప్ప కాస్త చెప్పుకోవాలి. నాచారంలో డాబాల లీకులు ఆపే పని నాది. కన్నం కనబడితే చాలు, చేతులు దురద పెడతాయి. మూసేదాకా అన్నం సహించదు. అలాంటి నా సొంత కారులో మాత్రం బయట వానపడితే లోపలా వానే. వయసు మళ్లిన బండి. కిటికీల రబ్బర్లు ఎండి, వడియాల్లా పెళుసెక్కాయి.

చెంగిచెర్లలో చుట్టాల గృహప్రవేశం ఇక రేపనగా, మా ఆవిడ స్వరూప తేల్చి చెప్పేసింది.

"అమ్మ పట్టుచీర కట్టుకొని ముందు సీట్ల కూసుంటది. చుక్క పడ్డదనుకో, ఈ డబ్బా అమ్ముడే!"

"డబ్బా అనకు. నేను కొన్న మొదటి కారది."

"అయితే చీర తడవకుండ సూస్కో."

ఆ బండంటే నాకు ప్రాణం. ఉప్పల్‌కు పరిగెత్తాను. పాత కార్లు విప్పి అమ్మే దుకాణంలో అచ్చం నా బండిలాంటిదే ఒకటి, చక్రాలు లేకుండా ఇటుకల మీద కూర్చుని ఉంది.

"బండి సచ్చింది గానీ అన్నా, రబ్బర్లు మస్తుగున్నయ్," అన్నాడు దుకాణం యజమాని.

"జర నెమ్మదిగ పీకు, చిరగొద్దు," అని బతిమాలి తెచ్చుకున్నాను.

రబ్బర్లు చక్కగా అమరాయి. అక్కడితో ఆగి ఉంటే మీకు ఈ కథ దక్కేది కాదు. చేతులు దులుపుకుంటూ వంగి చూస్తే, తలుపు అడుగున వరసగా కన్నాలు! కారు చేసినవాళ్లకు ఇంత నిర్లక్ష్యమా అని జాలిపడి, నీళ్ల ట్యాంకులకు పెట్టే ముద్ద కలిపి అన్నిటినీ పూడ్చేశాను. తర్వాత పైపుతో తనివితీరా నీళ్లు కొట్టాను. సీటు మీద చుక్క లేదు.

"సూసినవా నా పనితనం?"

"సూసిన. గన్ని నీళ్లు యాడికి పోయినయ్?" అంది స్వరూప.

"నన్ను సూసి భయపడి పారిపోయినయ్."

చూశారా, అడగాల్సిన ప్రశ్న ఆమె అడిగింది. నేనే జవాబు వెతకలేదు.

మర్నాడు పొద్దున్నే వాన. అత్తమ్మ ముందు, స్వరూప వెనక. బండి కదలగానే గుడగుడమని చప్పుడు.

"అల్లుడా, గా సప్పుడేంది? కార్ల బిందె గిట్ల పెట్టినవా?"

"ఇంజన్, అత్తమ్మా. పాతది గదా, జర మాట్లాడుతది."

ఉప్పల్ చౌరస్తాలో ఓ ఆటో అడ్డమొచ్చింది. బ్రేకు తొక్కాను. అంతే, తలుపుకున్న స్పీకరులోంచి నీళ్లు ఎగిసి అత్తమ్మ ఒళ్లో పడ్డాయి.

"అయ్యో, నా చీర!"

"అమ్ముడే!" అని వెనక సీటు తీర్పు.

నిండుకుండ తొణకదంటారు పెద్దలు. నిండు తలుపు సంగతి వాళ్లకు తెలియదు. బండి పక్కకు ఆపాను. అత్తమ్మ దిగి, కొంగు పిండుకుంటూ తలుపు కిందికి వంగి చూసింది.

"ఈ ముద్దలేంది? పూలకుండీకి అడుగున కన్నమెందుకు పెడ్తరు అల్లుడా?"

"నీళ్లు పోనీకి..." అంటుండగానే నాకు వెలిగింది. ఎంత మంచి రబ్బరు వేసినా అద్దం పక్కనుంచి కాసిన్ని నీళ్లు తలుపులోకి దిగుతాయి. అవి పోవడానికే ఆ కన్నాలు!

మోకాళ్ల మీద కూర్చుని స్క్రూడ్రైవరుతో ముద్ద పొడిచాను. నిన్నటి పైపు నీళ్లు, ఇవాళ్టి వాన నీళ్లు కలిసి నా కొత్త ప్యాంటు మీదికి దూకాయి. అత్తమ్మ పకపకా నవ్వింది. ఆపుకోలేక స్వరూపా నవ్వింది.

"చీర ఆరుతది, బండి అమ్మకుండ్రి," అంది అత్తమ్మ. "చుక్క పోకుండ గిన్ని నీళ్లు ఆపినోడు ఉత్తోడు కాదు. మా డాబా గూడ నువ్వే జెయ్యి. కానీ, తూములు జర ఇడిసిపెట్టు."

కారు దక్కింది, పైగా డాబా పని దొరికింది. ఆ సంతోషంలో రోడ్డు పక్కనే, తడి ప్యాంటు సాక్షిగా ప్రతిజ్ఞ చేశాను: నీళ్లు పోయే దారి కనుక్కోకుండా ఈ జన్మలో ఏ కన్నమూ పూడ్చను. ఆఖరికి అత్తమ్మ వడ్డించిన వడ మధ్య కన్నాన్నైనా సరే, చట్నీతో సైతం పూడ్చను.