అక్క చూసుకోని ఎత్తు

కృపగల దేవునికి స్తోత్రం. మోకాళ్ల మీద ఉన్నప్పుడు కూడా ఒక కన్ను తెరిచి ఉంచే నాలాంటివాణ్ణి ఇంతకాలం ఓర్చుకున్నందుకు మరీ స్తోత్రం.

ఆ రోజుల్లో, అంటే చేతిలోకి చవక ఫోనూ పెదవి మీదికి నూనూగు మీసమూ ఒకేసారి వచ్చిన రోజుల్లో, గెలుపంటే నా తెలివికి దేవుడు వేసే ముద్ర అనుకునేవాణ్ణి. మా అక్క పెళ్లయి నరసరావుపేట నుంచి మాచర్ల వెళ్లింది. ఫోన్లో మాట్లాడితే అత్తగారింట్లో అందరూ వింటారని మొహమాటపడేది. అందుకని సాయంత్రాలు ఆన్‌లైన్‌లో చదరంగం ఆడుకునేవాళ్లం. మామూలు చదరంగం కాదు. రాజును బల్ల నడిమధ్య నాలుగు గళ్లలో ఏదో ఒకదాని మీదికి క్షేమంగా నడిపించినవాళ్లు అక్కడికక్కడే గెలిచే రకం. (అక్క రాజు పొలం చూడబోయే రైతులా బయల్దేరేవాడు. నా రాజు మూల వదిలేవాడు కాదు.) ఎంతసేపు ఆడినా చివరికి ఓడేది నేనే. ఆట పక్కనున్న చాట్‌లో అక్క రాసేది: "ఏందిరా, మీ రాజుకి జొరమా?" ఒక్కసారి అక్కను గెలవాలి, అదే నా ఆశ.

ఒక సాయంత్రం ఆట మధ్యలో నాన్న కుటుంబ ప్రార్థనకు పిలిచాడు. నాన్న సంఘపెద్ద. ఆయన ప్రార్థన మా వీధిలో మొదలై, శావల్యాపురం, బెల్లంకొండ సంఘాల మీదుగా వెల్దుర్తి దాకా వెళ్లి, అక్కడి వాన సంగతి కూడా విన్నవించి గానీ తిరిగి రాదు. ఫోన్‌ను చాప అంచున పెట్టుకుని మోకరించాను. ఒక కంటితో చూస్తే అక్క రాజు నడిమి గడికి ఒక్క అడుగు దూరంలో ఉన్నాడు. అడ్డేమీ లేదు. ఆటలో నా గడియారం కరిగిపోతోంది. వేలికందిన బంటును తోసేసి, "ప్రభువా, అక్క కళ్లు మూయించు" అని వేడుకున్నాను. నాన్న ఆమేన్ అనేసరికి అక్క రాజును కదపకుండా ఎక్కడో చివరి బంటును జరిపి ఉంది.

"గెలిచే ఎత్తు వదిలేశావక్కా" అని రాశాను.

"చూసుకోలేదురా. ప్రార్థన అయిందా? అమ్మ ఏం కూర చేసింది?"

గోంగూర అని జవాబిచ్చి, ఆ ఆట గెలిచాను.

ఆదివారం చర్చిలో సాక్ష్యాల సమయంలో లేచి నిలబడి, దేవుడు నా శత్రువు కళ్లకు మబ్బు కమ్మించి నాకు జయమిచ్చాడని చెప్పాను. సంఘమంతా ఆమేన్ అంది. ముందు వరసలోని మామ్మ, "పొలం తగాదానా నాయనా?" అంది.

"కాదు మామ్మా. చదరంగం. మా అక్కతో."

నాన్న బైబిలులో తల దూర్చాడు. ఇంటికొచ్చాక, "సొంత అక్క శత్రువేందిరా, దరిద్రుడా" అన్నాడు.

తర్వాత అక్కకు బిడ్డ పుట్టింది. ఆట ఆగింది. మొన్న ఆ ఒక్క గెలుపును మురిపెంగా చూసుకుందామని పాత ఆటలు తెరిచాను. ఇప్పుడు గెలుపు చేజారిన చోటల్లా ఫోనే ఎర్రగుర్తు పెడుతుంది. ఎరుపంతా అక్క వైపే. ఏ సాయంత్రం చూసినా, ఒక్క అడుగేస్తే గెలిచే చోట ఆగి, బంట్లను జరుపుతూ కూర్చుంది. మధ్యమధ్య ప్రశ్నలు: నాన్న దగ్గు తగ్గిందా, గేదె ఈనిందా, ఈ వారం పాటలు ఎవరు ఎత్తుకున్నారు.

ఫోన్ చేసి అడిగాను.

"గెలిస్తే ఆట అయిపోద్ది గదరా. నువ్వు లేచిపోతావు. అప్పటికి ఈ ఇల్లు నాకు చానా కొత్త."

ఆ సాయంత్రమే మళ్లీ ఆడాం. ఇన్నేళ్లకు నా రాజు మూల వదిలి నడిమి గడి దాకా వచ్చాడు. ఇంకొక్క అడుగేస్తే గెలుపే. నేను చివరి బంటును జరిపాను.

"ఏందిరా, చూసుకోలేదా?"

"లేదక్కా. ఏం కూర?"

చదువుతున్న మీరు కూడా ఒక్క నిమిషం నాతో కలిసి ప్రార్థించండి, ఈ ఆట త్వరగా ముగియకూడదని. ఈసారి రెండు కళ్లూ మూసుకునే అడుగుతున్నాను.